చెన్నపట్నంలో నాన్నకి ఏవి చూపించాలి?

ప్రశ్న:
మాది కావలి. ఉద్యోగం కోసం వచ్చి ఏడాదైంది, వేళచ్చేరిలో ఉంటున్నాను. ఆదివారం నాన్న వస్తున్నారు. ఆయనకి ఇప్పటికీ ఇది ‘పట్నమే’. మాల్స్ వద్దు, పాత చోట్లు చూడాలంటున్నారు. మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు.

జవాబు, జార్జ్ టౌన్ నుంచి:
మా తాత కాలం నుంచీ ఇక్కడే ఉన్నాం బాబూ. పొద్దున్నే కొత్తవాల్ చావడికి, కన్యకాపరమేశ్వరి గుడికి తీసుకురండి. కూరగాయల టోకు మార్కెట్ 1996లో కోయంబేడుకి వెళ్లిపోయింది. నా చిన్నప్పుడు ఆ సందుల్లో తడి గోనెసంచుల వాసన, తెలుగులో బేరాలు! 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఈ తీరంలో చోటిచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడే. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అయిందంటారు.

తర్వాత మైలాపూరు. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి, డిసెంబరు 15న కన్నుమూసింది అక్కడే, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో. ఆ స్మారకానికి వెళ్లినప్పుడల్లా కాసేపు కూర్చోకుండా రాలేను. నాన్నగారిని తొందరపెట్టకండి.

జవాబు, రాయపురం నుంచి:
సాయంత్రం మెరీనా సరే, మా వైపూ రండి. హార్బరు గోడలు కట్టాక దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక అక్కడ ఆగి మెరీనా వెడల్పయింది. ఉత్తరాన మాకు ఇసుక అందక ఒడ్డు కోసుకుపోయింది. అందుకే ఇక్కడ బండరాళ్లు పేర్చారు. కారులోంచే చూపించొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇసుక సంగతి నాకు తెలియనే తెలియదు. రాళ్ల ఒడ్డుకీ వస్తాం. గుడి దగ్గర కారు ఆపే చోటుందా అండీ?