అప్‌డేట్: పరమాణు కేంద్రకంలో న్యూట్రాన్లు జతకట్టడం గురించి

నేనడిగిన ప్రశ్న ఇది: విడిగా ఉన్న రెండు న్యూట్రాన్లు కలిసి నిలవలేవు కదా, కేంద్రకంలో మాత్రం జతకట్టి అదనపు బంధన శక్తిని (కేంద్రకాన్ని విడదీయడానికి కావలసిన శక్తిని) ఎలా ఇస్తాయి? జవాబిచ్చిన వారందరికీ ధన్యవాదాలు. చాలావరకు తేలింది.

వ్యతిరేక స్పిన్‌లు (కణానికి సహజంగా ఉండే భ్రమణం లాంటి లక్షణం) గల రెండు న్యూట్రాన్ల మధ్య ఆకర్షణ ఉంది, కానీ వాటిని బంధించడానికి కొద్దిలో చాలదు. కేంద్రకంలో తక్కువ శక్తి గల కింది స్థితులన్నీ ఇతర న్యూట్రాన్లతో నిండి ఉంటాయి కాబట్టి, పై అంచున ఉన్న జతకు ఆ కాస్త ఆకర్షణే సరిపోతుంది. అతివాహకాల్లోని (నిరోధం లేకుండా విద్యుత్తును ప్రసరింపజేసే పదార్థాల్లోని) ఎలక్ట్రాన్ జతలతో దీనికున్న పోలికను భౌతిక శాస్త్రవేత్తలు ఆగె బోర్, మోటెల్సన్, పైన్స్ 1958లోనే చూపారు. నాకు మరింత ఆసక్తి కలిగించింది మరొకటి: కేంద్రక ఉపరితల కంపనాలు కూడా ఈ ఆకర్షణను పెంచుతాయి. వాటి వాటా ఎంతన్నది ఇప్పటికీ వాదనే. ఆ వాదన ఊసెత్తని పాఠ్యపుస్తకాలంటే నాకు చిరాకు.

డిగ్రీ తరగతిలో దీన్ని మన నల్లగొండ యురేనియంతో మొదలుపెట్టాను. అక్కడ యురేనియం నిల్వలున్న లంబాపూర్, పెద్దగట్టు పేర్లు వినగానే పిల్లలు గనుల వ్యతిరేక ఉద్యమం వైపు వెళ్లిపోయారు. అదీ అడగవలసిన విషయమే. యురేనియం-235లో న్యూట్రాన్లు 143, అంటే ఒకటి ఒంటరి. మరొకటి చేరితే జత పూర్తయి సుమారు 6.5 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వస్తుంది. యురేనియం-238లో న్యూట్రాన్లన్నీ జతల్లోనే ఉన్నాయి కాబట్టి, కొత్తది ఒంటరిగా మిగిలి, వచ్చేది 4.8 మాత్రమే. కేంద్రకం చీలడానికి కావలసిన శక్తి మొదటిదానికి ఇలా అందుతుంది, రెండోదానికి అందదు; అందుకే నెమ్మది న్యూట్రాన్లతో మొదటిది సులువుగా చీలుతుంది, రెండోది చీలదు.

ప్రోటాన్-న్యూట్రాన్ జతల గురించి విడిగా అడుగుతాను.