క్రిటిక్స్ ‘టాప్ 50 ఆల్బమ్స్’ జాబితాలన్నీ ఒకేలా ఎందుకుంటాయి? మన తెలుగులో అలాంటిది ఎందుకు లేదు?

మియాపూర్_లైన్:

అందరికీ నమస్తే. ప్రతి డిసెంబర్‌లో నాకు ఇదే పని. నవంబర్ ఆఖరి నుంచే ఒక్కో పత్రిక, ఒక్కో సైటు ‘ఈ ఏడాది ఉత్తమ ఆల్బమ్స్’ అని పెడుతూ ఉంటాయి, నేను వాటన్నిటినీ ముందేసుకుని కూర్చుంటాను. మియాపూర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేసరికి ఇంచుమించు ఒక ఆల్బమ్ అయిపోతుంది, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఇంకొకటి. పోయినసారి ఇలా నెలరోజుల్లో 40 దాకా విన్నాను. వాటిలో ఇప్పటికీ మళ్లీ మళ్లీ పెట్టుకునేవి నాలుగే. ఆ నాలుగూ ఎక్కడా మొదటి పదిలో లేవు. ఒకటైతే ఒకే ఒక్క జాబితాలో, అదీ 43వ స్థానంలో ఉంది. అంత కిందిదాకా చూసే ఓపిక లేకపోయి ఉంటే అది నా చెవిన పడేదే కాదు.

నాకు అర్థం కానిది ఏంటంటే, ఇంతమంది విడివిడిగా విని, విడివిడిగా రాసి, చివరికి అందరూ అవే పది పేర్ల దగ్గరికి ఎలా వచ్చి చేరుతున్నారు? 2024లో బ్రిటిష్ పాప్ గాయని చార్లీ ఎక్స్‌సీఎక్స్ ఆల్బమ్ ‘బ్రాట్’ ఎన్ని చోట్ల మొదటి స్థానంలో ఉందో మీరే చూశారు. ఆ ఆల్బమ్ నాకూ నచ్చింది, దాని మీద నాకేం కోపం లేదు. కానీ సంగీతం లాంటి విషయంలో అంత ఏకాభిప్రాయం చూస్తే నాకు ఏదో లెక్క తేడాగా అనిపిస్తుంది.

ఇంకొకటి. మనకు ‘ఈ ఏడాది టాప్ 10 పాటలు’ అని వీడియోలు బోలెడు వస్తాయి, అవన్నీ వ్యూస్ లెక్కే. ఒక తెలుగు ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి పాట దాకా విని, ఇది దానికంటే ఎందుకు మెరుగో చెప్పిన జాబితా నాకు ఇంతవరకు దొరకలేదు. మీకు ఎక్కడైనా కనిపిస్తే చెప్పండి.

బాస్‌బూస్ట్:

బ్రో, ఎవరో రాసిన జాబితాతో మనకేం పని? డిసెంబర్ మొదట్లో స్పాటిఫై రాప్డ్ వస్తుంది, నువ్వు ఏడాదంతా నిజంగా ఏం విన్నావో అందులో ఉంటుంది. అదే నీ బెస్ట్ ఆల్బమ్స్ జాబితా. నేను మూడేళ్లుగా క్రిటిక్స్‌ను చదవడం మానేశాను, హాయిగా ఉన్నాను.

తార్నాక_సైడ్‌బి:

మియాపూర్ భాయ్, మీ అనుమానం సరైనదే, తేడా లెక్కలోనే ఉంది. కొంచెం వివరంగా చెప్తాను.

న్యూయార్క్‌లో విలేజ్ వాయిస్ అని ఒక వారపత్రిక ఉండేది. అందులో రాబర్ట్ క్రిస్ట్‌గౌ అనే విమర్శకుడు 1971లో ‘పాజ్ అండ్ జాప్’ అని క్రిటిక్స్ ఓటింగ్ ఒకటి మొదలుపెట్టాడు. పద్ధతి చాలా బాగుండేది. ప్రతి క్రిటిక్ చేతిలో 100 పాయింట్లు ఉండేవి, వాటిని పది ఆల్బమ్‌లకు పంచాలి. ఒక్కోదానికి కనీసం 5, మహా అయితే 30. అంటే ఏదైనా ఆల్బమ్ మీద మీకు ప్రాణం ఉంటే దానికి 30 పెట్టి చూపించుకోవచ్చు. ఇప్పుడు ఒక ఆల్బమ్‌ను పది మంది పిచ్చిగా ప్రేమించి తలా 30 ఇచ్చారనుకోండి, మొత్తం 300. ఇంకో ఆల్బమ్ గురించి నలభై మంది ‘బాగానే ఉంది’ అనుకుని తలా 8 ఇచ్చారు, 320. రెండోదే పైన ఉంటుంది! ఎంత పెద్ద గుంపు ఓటేస్తే అంతగా ఇది జరుగుతుంది. ఎవరికీ అభ్యంతరం లేనివి పైకి తేలతాయి, కొందరికి ప్రాణమైనవి 43వ స్థానానికి పోతాయి. మీకు దొరికిన ఆ ఆల్బమ్ అచ్చంగా అలాంటిదే అయి ఉంటుంది.

పాయింట్లు పెట్టి ప్రేమకు చోటిచ్చిన పద్ధతిలోనే ఇలా ఉంటే, ఒట్టి ఓట్లు లెక్కపెట్టే చోట ఇంకెలా ఉంటుందో చూసుకోండి. దీనికి తోడు ఫ్రీలాన్స్‌గా రాసేవాళ్లు ఒకరే రెండు మూడు చోట్ల ఓటేస్తారు. ఏడాదంతా ఒకరి రివ్యూలు ఒకరు చదువుతూనే ఉంటారు. వేల ఆల్బమ్స్ వస్తుంటే అందరూ అన్నీ వినలేరు కదా, అందరూ విన్నవి కొన్నే, అందరి ఓట్లూ పడేది వాటికే. జీతాలిచ్చి రాయించే చోట్లు కూడా తగ్గిపోతున్నాయి. ఆల్బమ్‌లకు రివ్యూలు రాసి మార్కులు వేసే సైటు పిచ్‌ఫోర్క్‌ను 2024 జనవరిలో దాని యజమాని కొండే నాస్ట్ కంపెనీ మగవాళ్ల ఫ్యాషన్ పత్రిక జీక్యూ కిందకు చేర్చింది, చాలామంది ఉద్యోగాలు పోయాయి. ఆ రోజు నాకు నిజంగా బాధేసింది, వాళ్ల మార్కులతో గొడవపడుతూనే నేను సగం సంగీతం నేర్చుకున్నాను.

ఇక తేదీల సంగతి. జాబితా డిసెంబర్ మొదటి వారంలో రావాలంటే ఓట్లు నవంబర్‌లోనే పడాలి. 2013లో బియాన్సే ఏ ప్రచారమూ లేకుండా డిసెంబర్ 13న ఆల్బమ్ విడుదల చేసింది, అప్పటికే చాలా జాబితాలు వచ్చేశాయి. మరుసటి ఏడాది అమెరికన్ గాయకుడు డియాంజెలో ‘బ్లాక్ మెసయ్య’ డిసెంబర్ 15న వచ్చింది. పద్నాలుగేళ్ల తర్వాత ఆయన తెచ్చిన ఆల్బమ్ అది, చాలా పత్రికల జాబితాల్లో దానికి చోటే లేదు. పాజ్ అండ్ జాప్ మాత్రం కొత్త సంవత్సరం వచ్చాక ఫలితాలు చెప్పేది కాబట్టి ఆ ఏడాది అక్కడ అదే మొదటి స్థానంలో నిలిచింది. మూడు వారాలు ఆగితే ఎంత తేడా వచ్చిందో చూడండి.

బాస్‌బూస్ట్ తమ్ముడూ, రాప్డ్ నాకూ ఇష్టమే. కానీ అది నేను విన్నవాటినే నాకు తిరిగి చూపిస్తుంది. నేను వినకుండా వదిలేసినవి ఏవో చెప్పడానికి ఇంకో మనిషి కావాలి.

క్యాసెట్_కోఠి:

తెలుగు సంగతి నేను చెప్తాను, ఎందుకంటే నేను దీని గురించి చాలా ఏళ్లుగా ఆలోచిస్తున్నాను.

మనకు ఆల్బమ్ అంటే సినిమా ఆడియో. నేను ఇంటర్‌లో ఉండగా కోఠిలో క్యాసెట్ షాపు ముందు నిలబడితే షాపతను కొత్త ఆడియోలో ఒక పాట వేసి వినిపించేవాడు. ఇంటికి తెచ్చుకున్నాక సైడ్ ఎ, సైడ్ బి, ఆ వరసలోనే వినేవాళ్లం, పాట దాటేయాలంటే ఫార్వర్డ్ నొక్కి అందాజాగా ఆపాలి కాబట్టి నచ్చని పాట కూడా పూర్తిగా వినేవాళ్లం. నాలుగో రోజుకు ఆ నచ్చని పాటే నచ్చేది. పాట ఎవరు రాశారో, ఎవరు పాడారో క్యాసెట్ లోపలి కాగితంలో ఉండేది, అది చదవడం కోసం కూడా కొనేవాణ్ణి. సినిమా ఇంకా రాలేదు, కథ తెలియదు, హీరో ఏం చేస్తాడో తెలియదు. కేవలం ఆరు పాటలు, మనం. అప్పుడు ఆల్బమ్ మీద ఆల్బమ్‌గా ఒక అభిప్రాయం ఏర్పడేది.

ఇప్పుడు పాటలు ఒక్కొక్కటిగా లిరికల్ వీడియోలై వస్తాయి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య వారాలు, ఒక్కోసారి నెలలు. ‘అల వైకుంఠపురములో’ తీసుకోండి. ‘సామజవరగమన’ 2019 సెప్టెంబర్‌లో వచ్చింది, ‘బుట్టబొమ్మ’ డిసెంబర్‌లో, సినిమా 2020 సంక్రాంతికి. ఊరంతా ఆ పాటలు విన్నది 2019లో. జాతీయ అవార్డుల్లో తమన్‌కు పాటల విభాగంలో ఉత్తమ సంగీత దర్శకుడిగా అవార్డు వచ్చింది 2020 సినిమాల కింద. మరి దాన్ని మనం ఏ ఏడాది జాబితాలో వేయాలి? ‘పుష్ప’ మొదటి భాగం కూడా అంతే, పాటలు 2021 ఆగస్టు నుంచి వస్తూనే ఉన్నాయి, సినిమా డిసెంబర్ 17న వచ్చింది. తార్నాక గారు చెప్పిన డిసెంబర్ గొడవ మనకు ఇంకా ముదిరి ఉంది, మన సంక్రాంతి సినిమాల పాటలు చాలావరకు పాత ఏడాదిలో పుట్టి కొత్త ఏడాదిలో థియేటర్‌కు వస్తాయి.

అంతకంటే నాకు కోపం తెప్పించేది, సంగీతం గురించి రాసే చోటే లేకపోవడం. సినిమా రివ్యూలో చివర్న ‘పాటలు ఫర్వాలేదు, నేపథ్య సంగీతం బాగుంది’ అని ఒక్క వాక్యం ఉంటుంది. ఎనిమిది నెలలు కూర్చుని చేసిన పనికి ఒక్క వాక్యం! సినిమా పోతే ఆ వాక్యం కూడా మిగలదు, ఆడియో మొత్తం సినిమాతోపాటే పోతుంది. ఎన్ని మంచి ఆల్బమ్స్ అలా పోయాయో నేను ఒక్కొక్కటిగా పేర్లతో సహా చెప్పగలను. సినిమాతో సంబంధం లేకుండా పాడేవాళ్లకు ఇంకా కష్టం, వాళ్లు ఒక్కో పాటగానే యూట్యూబ్‌లో పెట్టుకుంటున్నారు, ఆల్బమ్‌గా తెస్తే వినేవాడెవడు అన్న దిగులుతో.

నల్లకుంట_శ్రుతి:

క్యాసెట్ గారు, ఆ నాలుగో రోజు సంగతి నూటికి నూరు పాళ్లు నిజం. నేను పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు కూడా చూస్తాను, మొదటిసారి మొహం చిట్లించిన కీర్తనే ఏడాది తర్వాత అడిగి మరీ పాడతారు.

కానీ తార్నాక గారి మాటకు ఒక చోట అడ్డు చెప్పాలి. పెద్ద గుంపు ఓటు వేస్తే ఎవరికీ అభ్యంతరం లేనివే పైకి వస్తాయి అన్నారు. గుంపులో ఎవరున్నారు అన్నది కూడా అంతే ముఖ్యం. అమెరికన్ సంగీత పత్రిక రోలింగ్ స్టోన్ 500 ఉత్తమ ఆల్బమ్స్ జాబితా 2003లో వేసినప్పుడు బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ మొదటి స్థానం, 2012లో సవరించినప్పుడూ అదే. 2020లో 300 మందికి పైగా కొత్తగా ఓటర్లను పిలిచి, మళ్లీ మొదటి నుంచి ఓట్లు వేయించారు. మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆరో స్థానం నుంచి మొదటికి వచ్చింది, సార్జెంట్ పెప్పర్స్ 24కు దిగింది. ఆ రెండు రికార్డుల్లో ఒక్క స్వరం కూడా మారలేదు కదా! పిలిచిన మనుషులు మారారు. కాబట్టి గుంపు జాబితా కూడా నాకు పనికొస్తుంది, ఆ కాలంలో ఎవరి చెవికి విలువ ఇచ్చారో అందులో తెలుస్తుంది.

ఒక్క మనిషి జాబితా విలువ మాత్రం వేరే. 2005లో టైమ్ పత్రికలో సినిమా విమర్శకుడు రిచర్డ్ కార్లిస్ అన్ని కాలాల్లోని పది ఉత్తమ సినిమా సౌండ్‌ట్రాక్‌లు అని రాసి, అందులో రెహమాన్ ‘రోజా’ పెట్టాడు. మా ఇంట్లో ఆ రోజు పండగే. మన చెవులు వినే పాటను అంత దూరంలో కూర్చున్నాయన విన్నాడు, నచ్చింది, పెట్టేశాడు. అదే 300 మందిని అడిగి ఉంటే ‘రోజా’ విన్నవాళ్లు అందులో ఎంతమంది ఉండేవారు? అందుకే మియాపూర్ గారూ, నా సలహా ఒకటే, మొత్తం జాబితా పైపైన చూడండి, కింద విడివిడిగా ఒక్కొక్కరు ఇచ్చిన పది పేర్లు ఉంటే అవి మాత్రం నిదానంగా చదవండి. మీ 43వ నంబర్‌ను మొదటి స్థానంలో పెట్టిన మనిషి ఎవరో వెతికి పట్టుకోండి. ఆ మనిషి మిగతా తొమ్మిదీ వినండి.

మియాపూర్_లైన్:

శ్రుతి గారూ, మీరు చెప్పినట్టే వెతికాను! ఆ సైటులో ఎవరెవరి ఓట్లు వాళ్ల పేరుతో విడిగా పెట్టారు, నేను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ పేజీ తెరవలేదు. నా ఆల్బమ్‌కు మొదటి స్థానం ఇచ్చింది ఒకే ఒక్కరు. ఆ మనిషి మిగతా తొమ్మిదిలో నేను విన్నవి రెండే, ఆ రెండూ నాకు ఇష్టమైనవే. ఈ ఉదయం మెట్రోలో మూడోది పెట్టాను, అమీర్‌పేట వచ్చేసరికి ఒళ్లు పులకరించింది, దిగాక ప్లాట్‌ఫామ్ మీద బెంచీలో కూర్చుని చివరి రెండు పాటలు పూర్తిచేసి ఆఫీసుకు వెళ్లాను.

క్యాసెట్ అన్నా, మీ మాటలు చదివాక ఒకటి అడగాలనిపించింది. మనమే ఎందుకు వేయకూడదు? తెలుగు ఆల్బమ్స్‌కే. తార్నాక గారు చెప్పిన 100 పాయింట్ల పద్ధతి. చివరి పాట ఏ ఏడాది బయటికొస్తే ఆ ఏడాది ఆల్బమ్ అనుకుందాం, సినిమా ఎప్పుడు వచ్చిందన్నది మనకు అనవసరం. ఓట్లు జనవరి ఆఖరు దాకా. కూడికలు నేను చేస్తాను, కానీ ప్రతి ఒక్కరి ఓటూ విడిగా, ఎందుకు పెట్టారో రెండు మాటలతో సహా ఇక్కడే ఉండాలి.

బాస్‌బూస్ట్:

ఇదైతే నేను కూడా వేస్తా. నాలుగు పాటలకంటే తక్కువ ఉంటే ఆల్బమ్ కిందకు వస్తుందా రాదా?

క్యాసెట్_కోఠి:

నాలుగు ఉండాల్సిందే. పోయిన సినిమాల ఆడియోలు కూడా లెక్కలోకి రావాలి, అది నా ఒక్క షరతు, దానికి ఒప్పుకుంటే నేను సిద్ధం. రీమిక్స్‌లూ, నేపథ్య సంగీతం ముక్కలూ పాటల లెక్కలో వేయొద్దు. నా 30 పాయింట్లు దేనికో ఇప్పుడే తెలుసు, ఆ సినిమా రెండో వారం కూడా ఆడలేదు. మిగతా 70 పంచాలంటే మళ్లీ అన్నీ మొదటి పాట నుంచి వినాలి. సంక్రాంతి సెలవులు ఉన్నాయి కదా, ఆ తర్వాత పెడతాను.