బిగిస్తే కుదరదు: ‘లొకేటింగ్’కు మన మాట ఏది?

పోస్టు (బాలానగర్ నుంచి)

గ్రూపులో పెద్దలకు నమస్కారం. నేను భాష చదువుకున్నవాణ్ణి కాదు, బాలానగర్‌లో ఒక చిన్న మెషిన్ షాపులో సెట్టర్‌ని. ఒక మాట దగ్గర ఇరుక్కుపోయి మీ దగ్గరికి వచ్చాను.

మా షాపులో ఈ మధ్య హారిజాంటల్ సీఎన్‌సీ (ప్రోగ్రాం ప్రకారం తానే లోహాన్ని కోసే మెషిన్) ఒకటి దిగింది. కొత్తగా చేరిన ఐటీఐ కుర్రాళ్ళ కోసం, ఫిక్చర్ (ముక్కను పట్టి ఉంచే చట్రం) మీద జాబ్ (కోయాల్సిన ముక్క) ఎలా ఎక్కించాలో తెలుగులో ఒక పేజీ రాసి మెషిన్ పక్కన అతికించమన్నారు. ‘క్లాంపింగ్’కు బిగించడం ఉంది, బాధ లేదు. ‘లొకేటింగ్’ దగ్గర ఆగిపోయాను. ‘స్థాన నిర్ధారణ’ అని రాస్తే ఒక కుర్రాడు చదివి, "అన్నా, ఇదేదో రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితంలా ఉంది" అన్నాడు. వాడన్నదీ నిజమే.

లొకేటింగ్ అంటే ఏమిటో మెషిన్ ఎరగనివాళ్ళకు ఒక్క ముక్కలో చెబుతాను. కట్టర్‌కు కళ్ళుండవు. జాబ్ ఫలానా చోట ఉందని ప్రోగ్రాంలో రాసిపెడితే అక్కడికి వెళ్ళి కోస్తుంది. కాబట్టి మొదటి జాబ్ ఎక్కడ ఉందో రెండువందలో జాబ్ కూడా సరిగ్గా అక్కడే ఉండాలి. అలా ప్రతిసారీ అదే చోటికి తెచ్చే పని లొకేటింగ్‌ది. అక్కడినుంచి కదలకుండా పట్టి ఉంచే పని క్లాంపింగ్‌ది. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల మాకు పోయిన నెలలో పోత ఇనుము పంపు బాడీలు పదకొండు స్క్రాప్‌లోకి వెళ్ళాయి.

జరిగింది ఇది. జాబ్ కింది అంచు రెండు పిన్నుల మీద ఆగాలి. కుర్రాడు ఒక చేత్తో జాబ్‌ని పట్టుకుని, ఇంకో చేత్తో పై క్లాంప్ నట్ బిగించేశాడు. నట్ తిరిగేటప్పుడు క్లాంప్ కూడా కాస్త తిరుగుతుంది, కింద ఉన్న జాబ్‌ని తనతో లాక్కుపోతుంది. పైకి చూస్తే అంతా గట్టిగానే ఉంది, సుత్తితో కొట్టినా కదలదు. మా మేస్త్రి వచ్చి కింది పిన్నుకూ జాబ్‌కూ మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకులు) పెట్టి చూశాడు. 50 మైక్రాన్ల (0.05 మిల్లీమీటర్ల) రేకు సాఫీగా దూరి అటు బయటికొచ్చింది. అప్పుడు ఆయన అన్న మాట ఇది: "బిగిస్తే కుదరదురా. కుదిరాక బిగించాలి."

రెండు రోజులుగా అదే మాట బుర్రలో తిరుగుతోంది. లొకేటింగ్‌ను ‘కుదర్చడం’ అని రాయొచ్చా?

తెనాలి నుంచి

నిరభ్యంతరంగా రాయండి. మీ మేస్త్రి వాక్యంలో రెండు అర్థాలు ఉన్నాయి, గమనించారో లేదో. ‘కుదరదు’ అంటే చోటులో సరిగ్గా పడదని ఒకటి, ఆ పద్ధతి పనికిరాదని ఇంకొకటి. రెండూ నిజమే.

కుదురు అనే వస్తువును ఈ కాలం పిల్లలు చూసి ఉండరు. అడుగు గుండ్రంగా ఉన్న కుండ నేల మీద నిలవదు. గడ్డితోనో తాడుతోనో చుట్ట చుట్టి దాని మీద పెట్టేవాళ్ళం. నెత్తిన బిందె ఎత్తుకునేటప్పుడు పాత గుడ్డ చుట్టి పెట్టుకునేదీ చుట్టకుదురే. వరి నాట్లలో కుదుళ్ళున్నాయి, చదరపు మీటరుకు 33 కుదుళ్ళు వేయమని వ్యవసాయ శాఖవాళ్ళు చెబుతుంటారు. జుట్టుకు కుదుళ్ళున్నాయి. నోరు నోట అయినట్టు, ఏరు ఏట అయినట్టు కుదురు కుదుట అవుతుంది. జ్వరం తగ్గి మనిషి కుదుటపడ్డాడు అంటాం.

ఇక క్రియ. పెళ్ళి కుదిరింది, బేరం కుదిరింది, పులుసు కుదిరింది, ఇవాళ చేతిరాత కుదిరింది. వీటిలో దేనిలోనూ బలప్రయోగం లేదు. పెళ్ళి బిగించారు అని ఎవరూ అనరు. (అన్న సందర్భాలు నాకు తెలుసు గానీ అవి వేరే కథలు.) తన చోటు తనకు దొరికి అందులో ఇమిడిపోవడం ఆ మాటలో ఉంది. మీరు వర్ణించిన పని అదే.

ఒక్క సందేహం. కుండ తన బరువుతో తానే కుదుట్లో కూర్చుంటుంది. మీ ఇనప ముక్క కూడా అలాగే కూర్చుంటుందా?

పోస్టు పెట్టిన నేను

మాస్టారూ, సరిగ్గా అసలు నొప్పి ఉన్న చోటే వేలు పెట్టారు.

వర్టికల్ మెషిన్ (కట్టర్ పైనుంచి దిగేది) అయితే మీరన్నట్టే. బల్ల మీద మూడు రెస్ట్ ప్యాడ్లు ఉంటాయి, జాబ్ తన బరువుతో వాటి మీద కూర్చుంటుంది. మూడే ఎందుకంటే, పొయ్యికి మూడు రాళ్ళు ఎందుకో అందుకే. మూడు రాళ్ళ మీద పెట్టిన కుండ ఊగదు. నాలుగో రాయి పెట్టారంటే ఏదో ఒకటి పొట్టిదవుతుంది, ఊగుతుంది. తరవాత ఒక పక్క గోడలా రెండు పిన్నులు, వాటికి ఆనిస్తాం. మిగిలిన దిక్కున ఒక్క పిన్ను, దానికి తగిలిస్తాం. ఏ వస్తువైనా మూడు దిక్కుల్లో జరగగలదు, మూడు రకాలుగా తిరగగలదు. మూడు ప్యాడ్లు ఒక జరుగుడునూ రెండు తిరుగుళ్ళనూ ఆపుతాయి, రెండు పిన్నులు ఒక జరుగుడునూ ఒక తిరుగుడునూ, ఆఖరి పిన్ను మిగిలిన ఒక్క జరుగుడునూ. మూడు, రెండు, ఒకటి. మొత్తం ఆరు. ఇంకొకటి ఎక్కువ పెడితే మేలు జరగదు, పిన్నుల మధ్య తగువు మొదలవుతుంది.

హారిజాంటల్ మెషిన్‌లో ఈ బొమ్మ మొత్తం పక్కకు వాలిపోతుంది. కట్టర్‌ను తిప్పే స్పిండిల్ అడ్డంగా వస్తుంది కాబట్టి జాబ్‌ని నిలువు గోడకు పెట్టాలి. మూడు ప్యాడ్లు ఆ గోడ మీద ఉంటాయి. జాబ్ బరువు వాటి మీద పడదు, కింది రెండు పిన్నుల మీద పడుతుంది. అంటే ముఖ్యమైన మూడింటికి భూమి చేసే సాయం సున్నా. కుర్రాడు అరచేత్తో జాబ్‌ని గోడకేసి ఒత్తి, కిందికి దించి, పక్కకు నెట్టి, అప్పుడు బిగించాలి. ఒక్క మంచి విషయం ఏమిటంటే రజను బల్ల మీద పేరుకోదు, కూలెంట్‌తో పాటు కిందికి జారిపోతుంది. కానీ ఆ జారే దారిలోనే కింది రెండు పిన్నులూ ఉంటాయి. ఆ పిన్నుల మీద ఒక తునక మిగిలిందా, అంతే సంగతులు. పిన్నుల మధ్య దూరం 200 మిల్లీమీటర్లనుకోండి. ఒకదాని మీద 0.1 మిల్లీమీటరు తునక ఉంటే 300 మిల్లీమీటర్ల ఎత్తున పక్కకు 0.15 తేడా వస్తుంది.

కాబట్టి మా గోడ మీద జాబ్ ‘కూర్చుంది’ అంటే అబద్ధం. ‘కుదిరింది’ అంటే?

పుణె నుంచి

అన్నా, నేను గుంటూరు వాణ్ణి, ఇక్కడ చించ్‌వడ్‌లో తొమ్మిదేళ్ళుగా హారిజాంటల్ మీదే పని. మీరు పై పోస్టులో మూడు మాటలు వాడి వాటిని వదిలేశారు. కూర్చోవడం, ఆనడం, తగలడం. నా ఓటు ‘ఆనడం’కు. గోడకు నిచ్చెన ఆనిస్తాం, దిండుకు వీపు ఆనిస్తాం. బరువు ఎటు ఉన్నా ఆ మాట చెల్లుతుంది.

కానీ ఒక చిక్కుంది. మా ఫిక్చర్లలో చాలావాటికి పక్క పిన్నులు ఉండవు. జాబ్‌లో ముందే రీమ్ చేసిన (కచ్చితమైన కొలతకు నునుపు చేసిన) రెండు రంధ్రాలు రెండు పిన్నులకు ఎక్కుతాయి. ఒకటి గుండ్రనిది, రెండోది డైమండ్. రెండూ గుండ్రనివి పెడితే, రంధ్రాల మధ్య దూరం పిసరంత తేడా వచ్చినా జాబ్ ఎక్కదు, ఎక్కితే దిగదు. అందుకని రెండోదాన్ని మొదటి పిన్ను వైపూ దాని ఎదుటి వైపూ చెక్కేస్తారు. దూరంలో తేడా వస్తే సర్దుకుంటుంది, తిరగడాన్ని మాత్రం ఆపుతుంది. ఇక్కడ ఆనడం అనే మాట అతకదు, రంధ్రం పిన్నుకు ‘పడుతుంది’. మొత్తం పనికి ఒకే పేరు కావాలంటే కుదర్చడమే దిక్కు. నా ఓటు నేనే వెనక్కి తీసుకుంటున్నా.

ఇంకోటి. పిన్నుల మీద పడింది కదా అని కుదిరినట్టు కాదు. 10 మిల్లీమీటర్ల రంధ్రం హెచ్7 (ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పే తరగతి) అంటే 10.000 నుంచి 10.015 దాకా రావచ్చు. పిన్ను జీ6 అంటే 9.986 నుంచి 9.995 దాకా. మధ్యలో ఖాళీ 5 మైక్రాన్ల నుంచి 29 దాకా ఉంటుంది. రెండు పిన్నుల మధ్య 200 మిల్లీమీటర్లుండి, జాబ్ ఒక దగ్గర పైకీ ఇంకో దగ్గర కిందికీ సర్దుకుందనుకోండి, 600 పొడవు జాబ్‌లో ఈ కొసకూ ఆ కొసకూ 87 మైక్రాన్ల వాలు. అందుకే పిన్నులను వీలైనంత దూరంగా పెడతాం, ప్రతి జాబ్‌నీ ఒకే వైపుకు నెట్టి బిగిస్తాం. ఒకడు ఎడమకూ ఇంకొకడు కుడికీ నెడితే షిఫ్టు షిఫ్టుకూ కొలత మారుతుంది. ఆ తరవాత ఆఫ్‌సెట్‌తో (జాబ్ ఎక్కడుందో మెషిన్‌కు చెప్పే అంకెతో) కుస్తీ, ఊరికే టెన్షన్.

విశాఖపట్నం నుంచి

నేను కొలతల గదిలో ఉంటానండి, మీరు కోసి పంపినవి తనిఖీ చేసేదాన్ని. నాది వేరే మాట గొడవ. ‘రిపీటబిలిటీ’ని (ప్రతిసారీ అదే కొలత రావడాన్ని) పాఠాల్లో ‘పునరావృతత’ అంటున్నారు. నోరు తిరగదు సరే, అర్థం కూడా జారిపోతోంది. పునరావృతం అంటే మళ్ళీ జరగడం. తప్పు కూడా పునరావృతం అవుతుంది.

మాకు కావలసింది ‘నిలకడ’. మాట మీద నిలకడ, చేతిలో నిలకడ. కచ్చితం వేరు, నిలకడ వేరు. మీ పంపు బాడీల రీడింగులు ఉంటే పెట్టండి, చూపిస్తాను.

పోస్టు పెట్టిన నేను

ఉన్నాయండి. మా టూంబ్‌స్టోన్‌కు (జాబ్‌లు ఎక్కించే నిలువు దిమ్మకు) నాలుగు మొహాలు, ఒక్కో మొహానికి ఒక్కో ఆఫ్‌సెట్, ప్రోగ్రాంలో వాటి పేర్లు జీ54 నుంచి జీ57 దాకా. మూడో మొహం మీద చేసినవాటిలో బోర్ (లోపల కోసే గుండ్రటి రంధ్రం) ఎత్తు వరసగా 0.04, 0.04, 0.05, 0.04 మిల్లీమీటర్లు ఎక్కువ. రెండో మొహం మీద 0.01, 0.06, సున్నా, 0.04, మళ్ళీ 0.01.

విశాఖపట్నం నుంచి

అదేనండి. మూడో మొహానికి కచ్చితం లేదు, నిలకడ ఉంది. ఆఫ్‌సెట్‌లో 0.04 సరిచేస్తే అయిపోతుంది. రెండో మొహంలో సున్నా వచ్చిన జాబ్ కూడా ఉంది, సగటు తీస్తే మూడోదానికంటే మేలే. కానీ దాన్ని ఏ ఆఫ్‌సెట్టూ బాగుచేయలేదు, ఎందుకంటే తరవాతి జాబ్ ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు. మీ కుర్రాడు జాబ్ ఎక్కించింది రెండో మొహం మీదే అయి ఉండాలి.

పోస్టు పెట్టిన నేను

రెండో మొహం మీదేనండి. మీరు ఇక్కడికి వచ్చి చూసినట్టే చెప్పారు.

వరంగల్ నుంచి

మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. టూంబ్‌స్టోన్ అంటే సమాధిరాయి కదా? దాన్నేమని రాస్తున్నారు?

పుణె నుంచి

దాన్ని అలాగే వదిలేయండి సర్. సమాధిరాయికి జాబ్ కుదిర్చి బిగించుము అని రాస్తే కొత్త కుర్రాడు మర్నాడు రాడు. మా దగ్గర ఒకాయన నాలుగు మొహాలున్నాయని ‘బ్రహ్మ’ అంటాడు. "బ్రహ్మను తిప్పు" అంటే బీ యాక్సిస్ (ఆ దిమ్మ తిరిగే ఇరుసు) 90 డిగ్రీలు తిప్పమని.

తెనాలి నుంచి

బ్రహ్మ బాగుంది. గుళ్ళు పెద్దగా లేని దేవుడికి మీ షాపులో చోటు దొరికింది.

ఒక ప్రశ్న. కుదిరాక బిగిస్తే కుదురు చెడదా? కుండ మీద బండ పెడితే కుదుట్లోనే పగులుతుంది.

పోస్టు పెట్టిన నేను

చెడుతుంది మాస్టారూ. క్లాంప్ నొక్కే చోటుకు సరిగ్గా వెనకాల ప్యాడ్ ఉండాలి. వెనక ఖాళీ ఉంటే జాబ్ వంగుతుంది. వంగిన స్థితిలో బోర్ గుండ్రంగానే వస్తుంది, క్లాంప్ విప్పగానే జాబ్ తన ఆకారానికి పోతుంది, బోర్ కోలగా మారుతుంది. మెషిన్ మీద ఉండగా డయల్ గేజ్ పెట్టి చూస్తే ఏ తప్పూ కనపడదు. విశాఖ మేడం గదిలోకి వెళ్ళాకే బయటపడుతుంది.

పేజీలో ఇప్పటికి ఇలా రాశాను, చూసి చెప్పండి:

"ముందు ప్యాడ్లూ పిన్నులూ గుడ్డతో తుడువు, గాలి కొట్టు. జాబ్ అంచున పొడుచుకొచ్చిన బర్ ఉంటే గీకు. జాబ్‌ని అరచేత్తో గోడకు ఆనించు, కింది రెండు పిన్నుల మీదికి దించు, పక్క పిన్నుకు తగిలేదాకా నెట్టు. మూడు ప్యాడ్ల దగ్గరా రేకు పెట్టి చూడు, దూరకూడదు. కింది పిన్నుల దగ్గర కూడా చూడు. కుదిరింది అనుకున్నాక చేయి తీయకుండా క్లాంపులు ముందు వదులుగా, తరవాత టార్క్ రెంచ్‌తో బిగించు. బిగించాక రేకు మళ్ళీ పెట్టు. ఇప్పుడు దూరితే విప్పి మొదటినుంచి కుదుర్చు."

ఆఖరి మాట కుదర్చు అనాలా, కుదుర్చు అనాలా? రేపు పొద్దున ల్యామినేషన్‌కు ఇవ్వాలి.

తెనాలి నుంచి

పత్రికల్లో ‘ఒప్పందం కుదుర్చుకున్నారు’ అని రాస్తారు కాబట్టి కుదుర్చు అనే ఉంచండి. మీ కుర్రాళ్ళు కుదర్చు అనే పలుకుతారు, పలకనివ్వండి. ‘గీకు’ పక్కన దేంతో గీకాలో రాయండి, లేకపోతే గోటితో గీకుతారు.

పోస్టు పెట్టిన నేను

ఆకురాయితో అని చేర్చాను.