అప్‌డేట్: గుడ్లు తాగేసే పెట్టలు దారికొచ్చాయి, ఒక్కటి తప్ప

పర్లాకిమిడిలో మా పెరటి నాటుపెట్టలు ఆరూ పెట్టిన గుడ్డు పెట్టినట్టే పొడుచుకు తాగేస్తున్నాయని పోయిన నెల అడిగాను కదా, ఇదీ సంగతి.

ముందు ఎవరో చెప్పిన కారం గుడ్డు చిట్కా చేశాను. గుడ్డుకి బెజ్జం పెట్టి, మిరప్పొడి కూరి గూట్లో ఉంచాను. నల్లపెట్ట శుభ్రంగా తినేసి, ముక్కు గడ్డికి తుడుచుకుని, ఇంకా ఉందా అన్నట్టు నావైపు చూసింది. పక్షులకి మిరప ఘాటు తెలీదట! మండింది నా కళ్ళే.

అసలు లోపం సున్నం దగ్గర ఉంది. వేలితో నొక్కితే సొట్టపడేంత పల్చటి పెంకులు. కాలు పడితే చితికేవి, అలా రుచి మరిగాయి. ఒక్కో పెంకుకి దాదాపు 2 గ్రాముల కాల్షియం కావాలి, నేను వేసేదేమో నూకలూ తవుడూ. మా బావ గోపాలపూర్ నుంచి తెచ్చిన ఆల్చిప్పలు రోట్లో దంచి, దాణాలో కలపకుండా విడిగా చిప్పలో పెట్టాను. దేనికి ఎంత కావాలో అవే తింటున్నాయి.

గూటికి గోనెసంచి తెర కట్టాను. లోపల చీకటిగా ఉంటే గుడ్డు వాటి కంటపడదు. ఎక్కువగా పొద్దుటే పెడతాయి కాబట్టి పది లోపు అమ్మ రెండుసార్లు తీసేస్తోంది.

మూడు వారాలకి పెంకులు గట్టిపడ్డాయి. అయిదు పెట్టలు మానేశాయి. నల్లదాన్ని మాత్రం గంప కింద విడిగా ఉంచాం. పులుసు పెట్టేద్దామంటోంది అత్త. దసరా దాకా గడువడిగాను.