లాప్‌టాప్‌లో ఉన్న టేబుల్ సర్వర్‌లో లేదంటోంది, ఏం చెయ్యాలి?

పర్లాకిమిడి కుర్రాడు:
మా మావయ్య పైపుల కొట్టుకి బిల్లింగ్ ప్రోగ్రాం నేనే రాశా. కోడ్ పీహెచ్‌పీలో, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8.0. కొట్లో విండోస్ లాప్‌టాప్ మీద రెండు నెలలు దివ్యంగా నడిచింది. పాతపట్నం వ్యాపారికి సరుకు పంపితే ఆంధ్రా స్టేట్ కోడ్ 37, ఐజీఎస్టీ. ఊళ్ళోవాళ్ళకి ఒడిశా కోడ్ 21, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ చెరిసగం. అన్నీ సరిగ్గానే పడ్డాయి.

మొన్న ఆదివారం డేటాబేస్ మొత్తం కాపీ (డంప్) తీసి లినక్స్ సర్వర్‌లో ఎక్కించా. మొదటి బిల్లుకే 'పార్టీమాస్టర్ టేబుల్ లేదు' అంది. షో టేబుల్స్ కొడితే కళ్ళెదురుగా ఉంది! తేడా ఒక్కటే: నా కోడ్‌లో 'పీ', 'ఎం' పెద్దబడి (క్యాపిటల్ అక్షరాలు), అక్కడ అన్నీ చిన్నబడి. టేబుల్ చేసింది పెద్దబడిలోనే, ఒట్టు. కాలమ్ పేర్లు మాత్రం ఎలా కొట్టినా పలుకుతున్నాయి. ఎక్కడో చదివి కాన్ఫిగ్‌లో, టేబుల్ పేర్లలో పెద్దబడి-చిన్నబడి తేడా చూడొద్దని చెప్పే లోయర్_కేస్_టేబుల్_నేమ్స్ సెట్టింగు 1 అని పెట్టి రీస్టార్ట్ చేస్తే, సర్వరే లేవడం లేదు. మావయ్య అప్పుడే చేతిరాత బిల్లు పుస్తకం దుమ్ము దులుపుతున్నాడు. పరువు పోతోందన్నా.

గుణుపురం అన్న:
తమ్ముడూ, ముందు ఆ లైను తీసెయ్, లేస్తాది. 8.0లో ఆ సెట్టింగు సర్వర్‌ని మొట్టమొదట ఇనిషియలైజ్ చేసినప్పుడే పెట్టాలి. తరవాత మారిస్తే, లోపల రాసుకున్న 0కీ నీ 1కీ పొత్తు కుదరక మొండికేస్తాది. 5.7లో ఈ పట్టింపు లేదు, నువ్వు చదివింది ఆ కాలపు సలహా అయ్యుంటాది.

పేరు మార్చింది నీ లాప్‌టాపే. విండోస్‌లో ఆ సెట్టింగు మామూలుగానే 1. పేరు ఎలా ఇచ్చినా చిన్నబడిలో దాస్తాది, వెతికేటప్పుడూ చిన్నబడి చేసే వెతుకుతాది. అందుకే నీకు తెలీలేదు. లినక్స్‌లో 0, ఉన్నదున్నట్టు. టేబుల్ అంటే డిస్కు మీద ఫైలు, లినక్స్ ఫైళ్ళ పేర్లలో పెద్దబడి వేరు, చిన్నబడి వేరు. కాలమ్‌కి విడిగా ఫైలు లేదు, పేచీ లేదు. కోడ్‌లో టేబుల్ పేర్లన్నీ చిన్నబడి చేసెయ్. ఏలియాస్‌లు (టేబుల్‌కి పెట్టుకునే పొట్టిపేర్లు) కూడా చూసుకో, పైన పెద్ద 'బీ' పెట్టి కింద చిన్న 'బీ' రాస్తే లినక్స్ మీద ఒప్పుకోదు.

జయపురం నుంచి:
మైఎస్‌క్యూఎల్ వదిలేసి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి మారిపోతే పీడ వదులుతుందిగా?

రాయగడ అక్క:
వదలదు, రూపం మారుతుంది. పోస్ట్‌గ్రెస్ కోట్లు (కొటేషన్ గుర్తులు) లేని పేరుని చిన్నబడి చేసేస్తుంది, ఒరాకిల్ పెద్దబడి చేస్తుంది. ఈ డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్, దాని ప్రమాణం చెప్పేది ఒరాకిల్ పద్ధతే. డబుల్ కోట్లు పెడితే రెండూ ఉన్నదున్నట్టు దాస్తాయి. మేం డేటా మార్చినప్పుడు టూలు ప్రతి కాలమ్‌కీ కోట్లు తగిలించింది. ఆరోజు నుంచి క్వెరీ రాసినప్పుడల్లా కోట్లే కోట్లు.

పర్లాకిమిడి కుర్రాడు:
లైను తీశా, లేచింది. పదకొండు ఫైళ్ళలో పేర్లు మార్చా. ఏలియాస్ ఒకటి నెలవారీ రిపోర్టులో దొరికిందన్నా! మావయ్య మాత్రం, 'తెలుగులో లేదు, ఒడియాలో లేదు, ఈ పెద్దబడి గోల మనకెందుకురా, తెలుగులోనే పేర్లు పెట్టలేవా' అంటున్నాడు.

గుణుపురం అన్న:
పెట్టొచ్చు, మైఎస్‌క్యూఎల్ తీసుకుంటాది. మావయ్యతో మాత్రం అనకు.