మ్యూకర్‌తో (బ్లాక్ ఫంగస్) చూపు పోయింది, కన్ను తీసేయాల్సిందేనా?

బెంగళూరు_పీజీ:
కోవిడ్ తగ్గి రెండు వారాలైన షుగర్ పేషెంట్, 60 కిలోలు. స్టెరాయిడ్లు వాడారు. ఎడమ రెప్ప వాలిపోయింది, కన్ను ఎటూ కదలట్లేదు, వెలుగు కూడా తెలియట్లేదు. రెటీనా పాలిపోయి మధ్యలో ఎర్రచుక్క ఉంది. ముక్కు బయాప్సీలో మ్యూకర్ తేలింది. ఎలాగూ చూపు లేదు, ఎగ్జెంటరేషన్ (కన్నుతో పాటు చుట్టూ ఉన్న కణజాలం తీసేయడం) చేసేయమని ఒక సార్, ఆగమని ఇంకో సార్. దేన్ని బట్టి తేల్చుకోవాలి?

ఆర్బిట్_సర్జన్:
చూపు పోయిందన్న ఒక్క కారణంతో తీయకండి. ఈ ఫంగస్ రక్తనాళాల గోడల్లోకి దూరి లోపల గడ్డ కట్టిస్తుంది. మీరు చెప్పిన ఎర్రచుక్క రెటీనాకు రక్తం అందించే సెంట్రల్ రెటీనల్ ఆర్టరీ మూసుకుపోయిన గుర్తు. ఆ చూపు ఇక రాదు, కానీ చుట్టూ ఉన్న కండరాలు, కొవ్వు ఇంకా బతికే ఉండొచ్చు. గడోలినియం కాంట్రాస్ట్ ఇచ్చి, ఫ్యాట్ సప్రెషన్‌తో (కొవ్వు మెరుపు తగ్గించి) ఎంఆర్ఐ తీయించండి. కాంట్రాస్ట్ పట్టని భాగం చచ్చిపోయినట్టే. ఆర్బిట్ (కంటి గూడు) అంతా అలాగే ఉంటే తీయడం గురించి ఆలోచించాలి. కొంత మేరకే ఉంటే డిబ్రైడ్‌మెంట్‌తో (చచ్చిన కణజాలం తీసేయడం) పాటు కనుగుడ్డు వెనక ఫంగస్ మందు ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్: మిల్లీలీటరుకు 3.5 మి.గ్రా. చొప్పున 1 మి.లీ. దీని తర్వాత కన్ను బాగా వాస్తుంది, రోగం ముదిరిందని కంగారుపడొద్దు. ఇది ఐవీ మందుకు బదులు కాదు. కావర్నస్ సైనస్ (కంటి వెనక, మెదడు అడుగున ఉండే సిరల గది) దాకా పాకాక కన్ను తీసినంత మాత్రాన ప్రాణం దక్కుతుందన్న భరోసా లేదు, ఆ మాట ఇంటివాళ్లకు ముందే చెప్పండి.

ఈఎన్‌టీ_చెన్నై:
కన్ను సంగతి తేలేదాకా సైనస్‌ల ఆపరేషన్ ఆపకండి. నాళాలు మూసుకుపోయిన చోటికి మందు చేరదు, రక్తం చిమ్మే కణజాలం తగిలేదాకా తీస్తూ పోవాలి. నల్ల పెచ్చు కోసం చూస్తే ఆలస్యమే, మొదట్లో పాలిపోయి మాత్రమే కనిపిస్తుంది. అంగిలి కూడా చూడండి. కల్చర్‌కు పంపే ముక్కను నూరొద్దని ల్యాబ్‌కు చెప్పండి, నూరితే ఫంగస్ పోగులు తెగి పెరగదు.

ఫార్మసీ_అన్న:
లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ కిలోకు రోజుకు 5 మి.గ్రా., అంటే ఈయనకు 300, 50 మి.గ్రా. వయల్స్ ఆరు. మెదడుకు పాకితే కిలోకు 10. ఒక్కో వయల్‌లో 12 మి.లీ. స్టెరైల్ వాటర్ పోసి అర నిమిషం గట్టిగా కుదపాలి, ఫిల్టర్ పెట్టి 5% డెక్స్‌ట్రోస్‌లోకి తీయాలి. సెలైన్ తగిలితే మందు విరిగిపోతుంది, అదే లైన్‌లో సెలైన్ నడిచి ఉంటే ముందు డెక్స్‌ట్రోస్‌తో కడగాలి. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), పొటాషియం, మెగ్నీషియం వెంటవెంట చూస్తుండాలి. ఇంకో ఫంగస్ మందు వోరికొనజోల్ మ్యూకర్ మీద పనిచేయదు. షుగర్ పేషెంట్ కదా, రక్తంలో కీటోన్లు చూశారా, బెంగళూరు?