అప్‌డేట్: అమ్మోనైట్ మీద తెల్లపొడి, కారణం దొరికింది

నెల కిందట ఇక్కడే అడిగాను: శిలాజాల సేకరణ కొత్తగా మొదలుపెట్టాను, నా మొదటి అమ్మోనైట్ (చుట్టలు తిరిగిన గవ్వ ఉన్న ప్రాచీన సముద్రజీవి శిలాజం) మీద పసుపు కలిసిన తెల్లపొడి వస్తోంది, బూజా అని. బూజు మందు, వెనిగర్, తేమ పీల్చే సిలికా జెల్ అంటూ సలహాలిచ్చి సాయం చేసిన అందరికీ థాంక్స్.

బూజు కాదు. మ్యూజియంలో శిలాజాలు చూసుకునే ఆవిడకి చూపించాను. భూతద్దం పెట్టగానే చెప్పేశారు: ఈ గవ్వ పైరైట్‌గా (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) మారింది. గాలిలో తేమ తగిలితే పైరైట్ ఆక్సీకరణ చెంది ఐరన్ సల్ఫేట్ పొడి, సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడతాయట. డబ్బా అడుగున పెట్టిన చీటీ గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే అంచులు పొడిగా రాలిపోతున్నాయి. అది ఆమ్లం పనే. ముందే గమనించాల్సిన గుర్తు అదే.

సిలికా జెల్ సలహా ఇచ్చినవారి మాటే నిజమైంది. మెత్తటి బ్రష్‌తో పొడి దులిపి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచాను. మూడు వారాలైంది, కొత్త పొడి లేదు. బూజు మందు, వెనిగర్ దీనికి సంబంధమే లేనివి. నీళ్లతో కడగడం మాత్రం నేను చేసిన పెద్ద తప్పు, మీరు చేయకండి.

దొరికిన చోటు, తేదీ, రాతిపొర వివరాలతో చీటీ మళ్లీ రాసి, ఈసారి డబ్బా బయట అంటించాను.